ఇసుక దిబ్బల మీద దొర్లే బంతి

కళింగపట్నం లైట్‌హౌస్ దాటి తీరం వెంట నడుస్తుంటే, ఎండాకాలం సాయంత్రాల్లో కొబ్బరికాయంత ముళ్ళబంతి ఒకటి కాళ్ళకు అడ్డంపడి దొర్లుకుంటూ పోతుంది. రావణాసురుడి మీసాలు అని మనం పిలుచుకునే ఇసుకగడ్డి విత్తనాల గుత్తి అది. ఎండాక తల్లిమొక్క నుంచి విడిపోతుంది. ముళ్ళ కొనల మీద నడుస్తుంది కాబట్టి ఇసుకలో దిగబడదు. గాలి తోస్తే దిబ్బ వీపు ఎక్కి, అవతలి వాలులో జారి, ఏదో ఒక గుంటలో ఆగుతుంది. ఎంతదూరం పోతుందో చూద్దామని ఒకసారి దాని వెంట పరుగెత్తాను. సూటిగా పోతుందనుకున్న చోటల్లా పక్కకు తిరిగింది. నా కంటికి చదునుగా కనిపించిన ఇసుకలో ఎన్ని వాలులున్నాయో ఆ రోజే తెలిసింది.

2022 జులైలో స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో జరిగిన 150వ ఓపెన్ గోల్ఫ్ పోటీ టీవీలో చూస్తుంటే ఆ ముళ్ళబంతే గుర్తొచ్చింది. అక్కడి ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానం ఎండి గోధుమరంగుకు తిరిగి ఉంది. నేలకు తగిలిన బంతి ఆగకుండా ఒక మిట్ట ఎక్కి, ఇంకో మిట్ట పక్కనుంచి వంకర తిరిగి, ఆటగాడు చూసిన దిక్కు ఒకటైతే అది చేరిన చోటు మరొకటి అవుతోంది. ఏప్రిల్‌లో అమెరికాలో జరిగే మాస్టర్స్ పోటీలో అగస్టా మైదానం నారుమడిలా పచ్చగా మెరుస్తుంది. చాలామంది కంటికి అదే అందం. నాకు మాత్రం ఆ ఎండిన గోధుమరంగు నేలే ఎక్కువ నచ్చుతుంది. ఎందుకో చెప్పాలంటే ఇసుక సంగతి చెప్పాలి.

సముద్రపొడ్డు కోర్సులను లింక్స్ అంటారు. మెరక, గట్టు అని అర్థమున్న పాత ఇంగ్లీషు మాట 'హ్లింక్' నుంచి వచ్చింది ఆ పేరు. మంచుయుగం ముగిసి స్కాట్లాండ్ మీది మంచుపలక కరిగాక, బరువు దిగిన నేల మెల్లగా పైకి లేచింది. ఒకప్పటి ఒడ్డు మెరకైంది. అక్కడి ఇసుకను గాలి దిబ్బలు పోసింది. దిబ్బల మీద మారమ్ అనే గడ్డి వేళ్ళూనింది. ఇసుక మీద పడేకొద్దీ దాన్ని చీల్చుకుని పైకి పెరగడం, పెరిగేకొద్దీ ఇంకాస్త ఇసుకను ఆపడం దాని పని. మన రావణాసురుడి మీసాలు చేసేదీ అదే. ఆ దిబ్బల చాటున ఫెస్క్యూ అనే సన్నగడ్డి పరుచుకుంది. సారంలేని ఇసుక నాగలికి పనికిరాదు కాబట్టి ఊరివాళ్ళు గొర్రెలను తోలుకున్నారు. కుందేళ్ళు బొరియలు తవ్వాయి. ఇవన్నీ కలిసి గడ్డిని నేలబారుగా కొరికి పెట్టాయి. చలిగాలికి గొర్రెలు నక్కిన గుంటలే తర్వాత బంకర్లు, అంటే ఆటలో బంతికి అడ్డుపడే ఇసుక గుంటలు, అయ్యాయని చెబుతారు.

అంటే లింక్స్ నేల మన ఊళ్ళలో మేతబీడు లాంటిదే. 1552లో సెయింట్ ఆండ్రూస్ ఆర్చిబిషప్, అంటే అక్కడి క్రైస్తవ మతపెద్ద, రాయించిన పత్రంలో, ఆ ఊరి లింక్స్‌లో కుందేళ్ళను పెంచుకునే హక్కు ఆయనకు, గోల్ఫు, ఫుట్‌బాల్ ఆడుకునే హక్కు ఊరి జనానికి అని ఉంది. ఈ రోజుకీ మామూలు ఆదివారాల్లో ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు. ఊరివాళ్ళు పిల్లల్నీ కుక్కల్నీ తీసుకుని అందులో షికారు తిరుగుతారు. ప్రపంచంలోకెల్లా పేరున్న ఆటస్థలం ఊరుమ్మడి నేల కావడం నాకు ఎంతో నచ్చిన సంగతి. వెళ్ళిన దారినే తిరిగి రావడం అక్కడి పాత పద్ధతి. అందుకే ఏడు గ్రీన్ల మీద, అంటే గడ్డి నున్నగా కత్తిరించిన గమ్యపు జాగాల మీద, రెండేసి హోల్స్ (బంతి చేరాల్సిన గుంటలు) ఉంటాయి. ఆ జంట అంకెలు కలిపితే ప్రతిసారీ 18 వస్తుంది. రెండోదానికి జత పదహారు, మూడోదానికి పదిహేను, అలా.

ఇక నీళ్ళ సంగతి. రెండు ప్లాస్టిక్ సీసాల అడుగులు కోసి, మూతులకు పలచటి గుడ్డ కట్టి తలకిందులుగా నిలబెట్టాను. ఒకదాంట్లో తీరపు ఇసుక, రెండోదాంట్లో వరిపొలంలోని బంకమట్టి నింపి, చెరో గ్లాసు నీళ్ళు పోశాను. గ్లాసు కింద పెట్టేలోపే ఇసుక సీసా కారడం మొదలెట్టింది. మట్టి మీద నీళ్ళు అద్దంలా నిలబడ్డాయి. భోంచేసి వచ్చినా అలాగే ఉన్నాయి. బంకమట్టి రేణువు మిల్లీమీటరులో ఐదువందల వంతు కన్నా చిన్నది. రేణువుల మధ్య సందులు కూడా అంతే సన్నం. ఇసుకలో సందులు పెద్దవి కాబట్టి నీళ్ళు వేల రెట్లు వేగంగా దిగిపోతాయి. మన రైతు దమ్ము చేసేది ఆ కాస్త సందులు కూడా పూడిపోయి మడిలో నీళ్ళు నిలవాలని. గోల్ఫుకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. తడిసిన బంకనేల మీద బంతి పడితే మట్టి నొక్కుకుపోయి దాని వేగాన్ని మింగేస్తుంది. వాన వెలిసిన గంటకే గట్టిపడే ఇసుకనేల మీద అదే బంతి ఎగిరి ముందుకు పరుగెడుతుంది.

ఈ ఒక్క తేడాతో ఆటే మారిపోతుంది. సముద్రానికి దూరంగా ఉన్న కోర్సులో, హోల్‌కు గుర్తుగా పాతిన జెండా దగ్గరకు గాలిలోనే బంతిని చేర్చాలి. పడ్డచోట అది ఆగుతుంది. లింక్స్‌లో ముప్ఫై నలభై గజాల ముందే దించి, తక్కిన దూరం నేలకు అప్పగించవచ్చు. ఏ మిట్ట ఎటు తోస్తుందో ముందే ఊహించాలి. క్రికెట్‌లో పిచ్‌ని చదవడం అంటాం కదా, ఇక్కడ మైదానమంతా పిచ్చే.

ఆధునిక కోర్సులు కట్టినవాళ్ళకు ఇది తెలియక కాదు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతి ప్రకారం గ్రీన్ కట్టాలంటే అడుగున నీళ్ళు పోయే గొట్టాలు, వాటిపైన 10 సెంటీమీటర్ల గులకరాళ్ళు, ఆపైన 30 సెంటీమీటర్ల ఇసుక పరచాలి. ఇందులో ఒక చక్కటి కిటుకు ఉంది. సన్నని ఇసుకలోంచి పెద్ద గులకరాళ్ళలోకి నీరు వెంటనే దిగదు. ఉతికిన పంచె దండెం మీద వేస్తే పైభాగం ఆరినా కింది అంచులో తడి నిలుస్తుంది చూడండి, అలాగే ఇసుక అడుగున కొంత నీరు వేలాడుతూ ఉండి వేళ్ళకు అందుతుంది. అంతకు మించితే జారిపోతుంది. అగస్టాది జార్జియా ఎర్ర బంకనేల. అక్కడ గ్రీన్ల కింద గొట్టాలు వేసి, యంత్రాలతో తేమను పీల్చే ఏర్పాటు కూడా చేశారు. సముద్రం, గాలి వేల ఏళ్ళలో ఉచితంగా చేసిపెట్టినదాన్ని లారీల్లో ఇసుక తోలి, కరెంటు పెట్టి మళ్ళీ తయారుచేస్తున్నారన్నమాట. ఆ ఇంజనీరింగు మీద నాకు గౌరవమే. గోల్ఫు ఆడేవాళ్ళందరికీ పక్కనే దిబ్బలు ఉండవు కదా. 1829లో మొదలైన రాయల్ కల్‌కత్తా క్లబ్ ఆడుకుంటున్నది బెంగాల్ ఒండ్రునేల మీదే.

గడ్డి విషయంలో మనవాళ్ళకు దగ్గరి చుట్టరికం ఒకటుంది. వేడి ప్రాంతాల కోర్సుల్లో పరిచే బెర్ముడా గడ్డి వినాయకచవితికి మనం పెరట్లో కోసుకొచ్చే గరికే. దాన్ని ఆఫ్రికాకు చెందిన దాని దాయాదితో సంకరం చేసి, జార్జియాలోని టిఫ్టన్‌లో టిఫ్‌వే లాంటి రకాలు తయారుచేశారు. వీటికి మొలకెత్తే విత్తనం ఉండదు. కాడముక్కలు నాటాలి. గరికను పీకి పారేసినా కణుపు మిగిలితే మళ్ళీ చిగురించే గుణమే అక్కడ అక్కరకొచ్చింది. ఫెస్క్యూ మాత్రం చలిదేశపు గడ్డి, మన మే నెల ఎండకు మాడిపోతుంది. కాబట్టి స్కాట్లాండ్ లింక్స్‌ని ఉన్నదున్నట్టు శ్రీకాకుళానికి తేలేం.

గాలి మాత్రం మనకు బాగా తెలిసినదే. వృత్తి ఆటగాడు బలంగా కొట్టిన బంతి గంటకు 250 కిలోమీటర్లు దాటిన వేగంతో లేస్తుంది. గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే బంతికి తగిలే గాలి వేగం 290 అవుతుంది. గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి నిరోధం సుమారు మూడోవంతు పెరుగుతుంది. అంతటితో అయిపోదు. బంతి వెనక్కి తిరుగుతూ పోతుంది కనుక, ఆ తిరుగుడువల్ల పుట్టే ఎత్తుడు బలం కూడా పెరిగి, బంతి గాలిపటంలా పైకి లేచి అక్కడే చతికిలపడుతుంది. అనుభవమున్నవాడు దాన్ని కిందుగా కొడతాడు. నేలతో రాపిడివల్ల గాలి నేల దగ్గర నెమ్మదిగా ఉంటుంది. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో మన తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరిచెట్లు ఎలా కూలాయో చూసినవాళ్ళకు ఎత్తులో గాలికి ఎంత బలముంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే నాకు దిబ్బల మీద ఇంత పట్టింపు. 1694లో స్కాట్లాండ్‌లో కల్బిన్ అనే ఎస్టేటు ఇసుకతుపానులో పూడిపోయింది. మరుసటి ఏడాదే అక్కడి పార్లమెంటు దిబ్బల మీది గడ్డి పీకడాన్ని నేరం చేసింది. గడ్డి పోతే ఇసుక ఊరి మీదికి వస్తుందని వాళ్ళకు దెబ్బ తిన్నాక అర్థమైంది. గడ్డిని ఎక్కడ పడితే అక్కడ నాటడం కూడా మంచిది కాదు. అబర్డీన్ దగ్గర ఫోవరన్ దిబ్బలు గాలికి కదులుతూ ఉండేవి, ఆ కదలికకే వాటిని ప్రత్యేక శాస్త్రీయ స్థలంగా కాపాడేవారు. కొత్త గోల్ఫ్ కోర్సు కోసం కదలకుండా చేశాక, 2020లో ఆ గుర్తింపు తీసేశారు. లింక్స్ పేరు పెట్టుకున్న కోర్సే లింక్స్‌ని పుట్టించిన కదలికను ఆపేసింది. ఇది చదివినప్పుడు నిజంగా బాధపడ్డాను.

మన తీరంలో దిబ్బ అంటే ట్రాక్టరుకు ఎత్తే ఇసుక, లేదా చదును చేసి సరుగుడు వేసే జాగా. మొన్న వెళ్ళినప్పుడు ఒక దిబ్బ సగానికి తెగి ఉంది. తెగిన గోడలో రావణాసురుడి మీసాల వేళ్ళు పొరపొరకీ కణుపులు వేసి, నిలువెత్తున కిందికి దిగి కనిపించాయి. ఇసుక ఎన్నిసార్లు కప్పిందో, మొక్క ఎన్నిసార్లు పైకి వచ్చిందో ఆ గోడ మీద లెక్కపెట్టుకోవచ్చు. దానికి కాస్త అవతల గొర్రెలు కొరికిన గరిక పలచగా పరుచుకుని ఉంది. అంతలో ముళ్ళబంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి, గరిక దాటి, గుంటలో ఆగింది. కాసేపటికే దాని ముళ్ళ మధ్య ఇసుక చేరడం మొదలైంది.