అరకులో నీళ్లు 97 డిగ్రీలకే మరిగితే నియమం తప్పినట్టా?

అపోహ: ఒక్క వ్యతిరేక సాక్ష్యం చాలు, ప్రకృతి నియమం కూలిపోతుంది.

వాస్తవం: "నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి" అన్న మాట విశాఖ బీచ్ రోడ్డులో దాదాపు నెగ్గుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో అదే థర్మామీటరు 97 దగ్గర ఆగిపోతుంది. చెప్పకుండా మింగేసిన షరతొకటి ఉంది: గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉన్నంత ఉండాలి. ఎత్తు 300 మీటర్లు పెరిగితే మరిగే స్థానం సుమారు ఒక డిగ్రీ దిగుతుంది.

అయితే నేరం పీడనం మీదికి నెట్టేముందు పరికరాన్ని అనుమానించండి. కరుగుతున్న ఐసులో థర్మామీటరు సున్నా చూపిస్తోందా? బల్బు గిన్నె అడుక్కి తగిలితే రీడింగు ఎక్కువొస్తుంది. నీళ్లలో ఉప్పుందేమో అంటారా, లీటరుకి దాదాపు 58 గ్రాములు వేస్తేగానీ ఒక డిగ్రీ పెరగదు. పీడనమే కారణమని తేలాక కూడా దానికి విడిగా పరీక్ష కావాలి: గాలి పీడనం కొలిచే బారోమీటరు అరకులో విశాఖ కన్నా సుమారు పది శాతం తక్కువ చూపించాలి. ఆ పరీక్షకు దొరకని వివరణ ఒట్టి సాకే.

ఫలితం తేడా వస్తే, నియమం, షరతులు, పరికరం ఈ మూటలో ఏదో ఒకటి తప్పని మాత్రమే తర్కం చెబుతుంది. అది ఏదన్నది చెప్పదు. యురేనస్ గ్రహం కదలిక లెక్క తప్పినప్పుడు న్యూటన్‌ గురుత్వ నియమాన్ని శాస్త్రవేత్తలు వదిలెయ్యలేదు. దాన్ని లాగుతున్న కనబడని గ్రహముందని ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే లెక్కగట్టాడు. 1846లో బెర్లిన్‌లో ఖగోళవేత్త గాలె దుర్బిని తిప్పితే నెప్ట్యూన్ దొరికింది. బుధ గ్రహం కక్ష్య లెక్కా తప్పింది, కానీ అక్కడ అదే ఎత్తు పారలేదు. ఈసారి ఊహించిన 'వల్కన్' అనే గ్రహం ఎంత వెతికినా చిక్కలేదు. శతాబ్దానికి 43 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఆ తేడా 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతంతోనే సరిపోయింది.

అపోహ: పొగ ఉంటే నిప్పుంటుంది కాబట్టి, నిప్పుంటే పొగా ఉంటుంది.

వాస్తవం: మన నైయాయికులు, అంటే న్యాయ దర్శనం తార్కికులు, దీన్ని ఎప్పుడో పట్టేశారు. ఎర్రగా కాలిన ఇనుపగుండు వాళ్ల ఉదాహరణ. ఉక్కునగరం వాళ్లకి రోలింగ్ మిల్లులో నిప్పులా మెరిసే బిల్లెట్ (ఉక్కు దిమ్మె) గుర్తొస్తుంది. దాని మీద నీళ్లు పడితే లేచేది ఆవిరి, పొగ కాదు. పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలని నైయాయికులన్నారు. ఆ దాగిన షరతు పేరు ఉపాధి (ఉద్యోగం కాదులెండి). "సిద్ధాంతం నిజమైతే ఈ ఫలితం రావాలి, వచ్చింది, కాబట్టి సిద్ధాంతం నిజం" అనడమూ ఇలా తిరగేసిన తర్కమే.

అపోహ: సిద్ధాంతం రుజువయ్యాక నియమంగా ప్రమోషన్ పొందుతుంది.

వాస్తవం: రెండూ వేర్వేరు కొలువులు. వాయువు పీడనం పెరిగితే ఘనపరిమాణం ఎంత తగ్గుతుందో బాయిల్ నియమం (1662) చెబుతుంది. ఎందుకు తగ్గుతుందో అణుచలన సిద్ధాంతం చెబుతుంది. ఇక్కడా షరతుంది, ఉష్ణోగ్రత మారకూడదు. సైకిల్ పంపు గబగబా కొడితే గొట్టం వేడెక్కి లెక్క తప్పేది అందుకే.