తెల్లరాయి దొరికితే రంగు చూసి మోసపోకండి

నేను రాళ్లు ఏరుకుంటానని మావాళ్లకి తెలిసిన దగ్గర్నుంచి ఫోన్‌కి ఫొటోలు వస్తూనే ఉన్నాయి, "అన్నా ఇదేం రాయి" అని. ఫొటో చూసి చెప్పగలిగేది చాలా తక్కువండీ. రాయి చేతిలో ఉండాలి, గీకాలి, తూచాలి. రంగుని మాత్రం నమ్మకూడదు, పలుగురాయే తీసుకోండి, అదే క్వార్ట్జ్, మామూలుగా తెల్లగా ఉంటుందా, అందులో కాస్త ఇనుము చేరి రేడియేషన్ తగిలితే ఊదా రంగుకొచ్చి అమెథిస్ట్ అనిపించుకుంటుంది.

మనవైపు ఎక్కువగా దొరికేవి తెల్లరాళ్లు. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, కాల్సైట్, ముగ్గురాయి, నాలుగూ పక్కపక్కన పెడితే ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. ముందు చాకు తీసుకోండి. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే ఆయన గట్టితనానికి 1 నుంచి 10 వరకు మెట్లు పెట్టాడు, గోరు సుమారు 2.5, చాకు, గాజు 5.5 దగ్గర. కాల్సైట్ 3, ముగ్గురాయి కూడా అటూఇటూగా అంతే, రెండిటినీ చాకు గీసేస్తుంది. ఫెల్డ్‌స్పార్ 6, పలుగు 7, వీటి మీద చాకు పని చెయ్యదు, పైగా అవే గాజుని గీస్తాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు (నేనూ పడ్డాను), పలుగు మీద చాకుతో గీస్తే మెరిసే గీత పడుతుంది, అబ్బో గీసుకుపోయింది అనుకుంటాం, కానీ అది అరిగిన చాకు ఇనుమే, తడి వేలితో రుద్దితే పోతుంది.

గట్టివాటిలో ఏది ఏదో తేల్చాలంటే విరిగిన చోట చూడాలి. ఫెల్డ్‌స్పార్ చదునైన ముఖాలుగా విడిపోతుంది, ఎండలో తిప్పితే ఒక్కసారి తళుక్కుమంటుంది. పలుగు పగిలిన సీసా పెంకులా వంపులు వంపులుగా విరుగుతుంది.

మెత్తవాటికి వెనిగర్. రాయిని కొంచెం గీకి ఆ పొడి మీద రెండు చుక్కలు వేస్తే కాల్సైట్ అయితే బుడగలొస్తాయి, కార్బన్ డయాక్సైడ్ అన్నమాట. ముగ్గురాయి చలించదు. అయినా దాన్ని పట్టుకోడానికి వెనిగర్ కూడా అక్కర్లేదు, చేతిలోకి తీసుకోగానే ఇంత చిన్న రాయి ఇంత బరువా అనిపిస్తుంది. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో తవ్వేది ఇదే, పుస్తకాల్లో బెరైటీస్ అంటారు. అందులో ఉండే బేరియం పరమాణువు బరువైంది, అందుకే చమురు బావులు తవ్వేటప్పుడు లోపల్నుంచి తన్నుకొచ్చే గ్యాస్‌ని అదిమిపెట్టే బురదలో ఈ పొడి కలుపుతారు.

బరువు సంగతి అంచనాతో వదిలెయ్యకండి, వంటింటి కాటా చాలు. రాయి 180 గ్రాములు తూగిందనుకుందాం. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చెయ్యండి, రాయిని దారంతో కట్టి అడుగు తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. కాటా 40 చూపిస్తే 180ని 40తో భాగించండి, 4.5 వస్తుంది, అదే సాంద్రత, అంటే నీళ్ల కంటే ఎన్ని రెట్లు బరువో, ఇది ముగ్గురాయి. 68 చూపిస్తే 2.65 దగ్గరకొస్తుంది, పలుగు. నాకైతే అన్ని పరీక్షల్లోకీ ఇదే ఇష్టం, దీంట్లో చూసేవాడి కళ్లు చేసే మోసం తక్కువ.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతికేవాళ్లకీ ఇదే పనికొస్తుంది. గాజుని గీస్తే వజ్రమే అనుకుంటే పొరపాటు, పలుగు కూడా గీస్తుందిగా. వజ్రం సాంద్రత 3.5, కాకపోతే అంత చిన్న రాయికి నగల షాపు కాటా కావాలి. సుత్తితో మాత్రం కొట్టి చూడకండి బాబూ, వజ్రాన్ని గీయడం కష్టం గానీ పగలగొట్టడం కష్టం కాదు, ముక్కలైపోతుంది. పీచులా దారాలు లేచే రాయి దొరికితే గీకనే గీకకండి, పులివెందుల వైపు ఆస్‌బెస్టాస్ ఉంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ఇసుకలో బంగారంలా మెరిసేది చాలాసార్లు వానకీ ఎండకీ రంగు మారిన నల్ల అభ్రకమే. గుండుసూదితో పొడిస్తే అభ్రకం రేకులుగా లేస్తుంది, పైరైట్ (బంగారంలా మెరిసే ఇనుము, గంధకాల రాయి) పొడి అవుతుంది, బంగారం సొట్ట పడుతుంది.

ఇవన్నీ చేశాక కూడా తేలకపోతే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ ఉన్న ల్యాబ్‌కి ఇవ్వాలి, స్ఫటికంలో పరమాణువుల వరసల మధ్య దూరాన్ని బట్టి చెప్తారు. అక్కడ మొదట అడిగేది ఎక్కడ దొరికింది అని. నా పెట్టెలో ఓ పచ్చరాయి ఉంది, గాజుని గీస్తుంది, పలుగు కంటే బరువు, ఏ ఊళ్లో ఏరానో మాత్రం రాసుకోలేదు.