గీతలు ముందు, తోరణం తర్వాత: బేస్ గిటార్ హెడ్‌స్టాక్ తయారీ

వరంగల్‌లో బేస్ గిటార్‌ను చేత్తో చేయాలనుకునేవారికి హెడ్‌స్టాక్ (మెడ చివర, తీగల్ని బిగించే కీలుండే తల) అనగానే కోటలోని కాకతీయ తోరణం గుర్తుకు రావడం సహజం. నిటారు స్తంభాలు, అడ్డదూలం, పైన హంసలు. చెక్కలో కోస్తే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ బొమ్మను కాసేపు పక్కన పెట్టాలి. హెడ్‌స్టాక్ అంచు చివరగా గీయాల్సిన గీత. మొదట గీయాల్సినవి నాలుగు తీగలు.

చార్టు మీద అసలు కొలతకే గీయండి. నట్ (తల మొదట్లో తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జికి (గిటార్ ఒంటి మీద తీగల రెండో కొస ఆనే చోటు) 34 అంగుళాలు, అంటే 864 మి.మీ. 1951లో అమెరికా గిటార్ తయారీదారు లియో ఫెండర్ తన ప్రెసిషన్ బేస్‌కు పెట్టిన ఈ కొలతే ఇప్పటికీ ఎక్కువ వాడుకలో ఉంది. బ్రిడ్జి దగ్గర తీగకూ తీగకూ 19 మి.మీ. ఎడం ఇస్తే లావు తీగ నుంచి సన్న తీగకు 57 మి.మీ. అవుతుంది. నట్ వెడల్పు 40 మి.మీ. అయితే అక్కడ అదే దూరం సుమారు 30. ఈ నాలుగు గీతల్నీ నట్ దగ్గర ఆపకుండా ఇంకో 200 మి.మీ. ముందుకు లాగండి. అవి ఇంకా దగ్గరవుతూనే పోతాయి. నట్ దాటాక 150 మి.మీ. దగ్గర మొత్తం వెడల్పు మరో 4.7 మి.మీ. తగ్గుతుంది.

ఇప్పుడు కీల స్థానాలు. పెద్ద ప్లేటున్న పాత తరహా కీలకు నడుమ 40 మి.మీ. ఎడం కావాలి. నాలుగూ ఒకే వైపు పెడితే, ఒక్కో కీ 40 మి.మీ. ముందుకు పోతూ దాదాపు 9.5 మి.మీ. పక్కకు, తర్వాతి తీగ మీదికి జరుగుతుంది. అంటే కీల వరుస మెడకు సుమారు 13 డిగ్రీల వాలులో వస్తుంది. ఒకే వైపు కీలున్న గిటార్ల తల ఏటవాలుగా ఎందుకుంటుందో ఇక్కడ తెలిసిపోతుంది. దాన్ని సోకు కోసం అలా వంచలేదు, తీగ అలా అడిగింది.

చాలామంది తప్పేది ఇక్కడే: కీ పోస్టు (తీగ చుట్టుకునే కడ్డీ) దూరే రంధ్రాన్ని తీగ గీత మీదే పెడతారు. తీగ పోస్టు నడిబొడ్డుకు కాదు, దాని పక్కకు తగులుతుంది. కాబట్టి పోస్టు నడుము వ్యాసంలో సగం, తీగ మందంలో సగం కలిపి, అంతమేర రంధ్రం కేంద్రాన్ని, వేళ్లతో తిప్పే కీ చెవుల వైపు జరపాలి. పుస్తకంలో చూసిన కొలత కాదు, చేతిలో ఉన్న కీని వెర్నియర్‌తో కొలిచి జరపాలి.

తీగ తిన్నగా పోవాలని ఇంత పట్టుదల ఎందుకంటే, గుంజకు పగ్గం ఒక చుట్టు వేస్తే బర్రె ఎంత గుంజినా ఆగుతుంది కదా. వంపు కోణం పెరిగేకొద్దీ ఒరిపిడి పట్టు వేగంగా పెరుగుతుంది. నట్ గాడిలోనూ అదే జరుగుతుంది. పక్కకు వంగిన తీగ గాడి గోడకు పట్టుకుని, కీ తిప్పినా కదలదు. తర్వాత ఒక్కసారిగా జారి శ్రుతి దాటిపోతుంది. నిజానికి తప్పు తల గీతలో ఉంటుంది, తిట్లు మాత్రం కీకి పడతాయి.

పక్క వంపు ఎంత చెడ్డదో కింది వంపు అంత అవసరం. తీగ నట్ మీద గట్టిగా కూర్చోకపోతే ఖాళీ తీగ (వేలు నొక్కకుండా మీటిన తీగ) గరగరలాడుతుంది. ఫెండర్ తరహా చదును తలలో తీగ నట్ నుంచి 8 మి.మీ. దిగుతుందనుకుందాం. 40 మి.మీ. దూరంలోని మొదటి పోస్టుకు అది 11 డిగ్రీల వంపు. 150 మి.మీ. దూరంలోని చివరి పోస్టుకు 3 డిగ్రీలే. 34 అంగుళాల బేస్ మీద మామూలు తీగల బిగువు ఒక్కోటి 18 నుంచి 23 కిలోలు ఉంటుంది. మొదటి చోట నట్ మీద మూడున్నర కిలోల ఒత్తిడి పడితే, చివరి చోట ఒక కిలో. అందుకే చివరి తీగల్ని కిందికి నొక్కే చిన్న బిళ్ల బిగిస్తారు. పోస్టు చుట్టూ రెండు మూడు చుట్లు పైనుంచి కిందికి వేసినా కొంత దక్కుతుంది.

తలనే వెనక్కి వంచితే ఆ బిళ్ల అక్కర్లేదు. 10 నుంచి 13 డిగ్రీలు చాలు. కానీ 200 మి.మీ. తలను 13 డిగ్రీల వంపుతో ఒకే దిమ్మలో కోయాలంటే 60 మి.మీ. మందం కావాలి. పైగా వంపు దగ్గర చెక్క నార అడ్డంగా తెగిపోతుంది. సంచీ కిందపడితే మెడ విరిగేది అక్కడే. ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ) గాడి కూడా అక్కడికే వస్తే ఇంకా బలహీనం. దీనికి మంచి విరుగుడు ఏటవాలు అతుకు. 20 మి.మీ. మందం చెక్క పట్టీని 13 డిగ్రీల్లో కోస్తే కోత ముఖం పొడవు 89 మి.మీ. వస్తుంది. కోసిన ముక్కను తిరగేసి అతికిస్తే నార తల పొడవునా సాగుతుంది.

చెక్క విషయంలో ఉత్తర తెలంగాణ అదృష్టవంతురాలు. టేకు వంగని గట్టితనంలో, గిటార్ మెడలకు వాడే మేపుల్‌కు దగ్గరగా ఉంటుంది, తేమకు ముడుచుకోవడం, ఉబ్బడం దాదాపు సగమే. మే నెల పొడికీ జులై ముసురుకూ మధ్య ఇది పెద్ద లాభం. పాత ఇళ్ల దర్వాజాల టేకు ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది. సామిల్లుకు ఇచ్చే ముందు మేకుల కోసం అయస్కాంతంతో వెతకండి. టేకులో నూనె ఉంటుంది కనుక అతుకు ముఖాన్ని రంద పట్టిన వెంటనే అసిటోన్‌తో తుడిచి అతికించాలి. మర్నాటికి వాయిదా వేస్తే బంక సరిగా పట్టదు. ఎండలో నిలిపిన కారులో వేడి 60 డిగ్రీలు దాటవచ్చు. ఆ వేడికి వడ్రంగి తెల్ల బంకే కాదు, గది వేడిలో గట్టిపడే ఎపాక్సీ కూడా మెత్తబడుతుంది. నాలుగు తీగలూ కలిపి 80 కిలోలు లాగుతుంటే అతుకు మెల్లగా జారుతుంది.

ఇక బరువు. భుజం పట్టీ తగిలించే గుండీ 12వ ఫ్రెట్‌కు (మెడ మీది అడ్డ లోహపు మెట్టు) ఎదురుగా ఉంటే తల మధ్యభాగం దానికి 53 సెం.మీ. దూరం. పాత కీ ఒక్కోటి సుమారు 100 గ్రాములు, తేలిక రకం 55. నాలుగింటి మీద 180 గ్రాములు తగ్గుతాయి. అదే సమతూకం బ్రిడ్జి వైపు బరువు పెంచి తెచ్చుకోవాలంటే 220 గ్రాములు చేర్చాలి. అంటే మొత్తం గిటార్ బరువు పెరుగుతుంది. తల నేలకు వాలే గిటార్‌ను రెండు గంటలు మోసిన ఎడమ చేతికి ఈ తేడా బాగా తెలుస్తుంది.

తల బరువు మోతనూ మారుస్తుంది. బేస్‌లో సన్న తీగ మీద 5, 7 ఫ్రెట్ల నడుమ ఏదో ఒక స్వరం తొందరగా చచ్చిపోవడం మామూలే. మెడ తన సహజ కంపనానికి దగ్గరి స్వరం శక్తిని తాగేస్తుంది. తల బరువెక్కితే ఆ కంపన సంఖ్య తగ్గి, చచ్చిన చోటు కింది స్వరం వైపు జరుగుతుంది. తలకు ఒక చిన్న క్లాంపు బిగించి వాయిస్తే ఈ మార్పు చెవికే తెలుస్తుంది. దాన్ని పూర్తిగా పోగొట్టలేం. తక్కువ వాడే స్వరం మీదికి నెట్టగలం, అంతే.

ఇప్పుడు తోరణం దగ్గరికి రావచ్చు. రాతిలో నిలిచిన హంస ముక్కు చెక్క అంచులో నిలవదు. పక్కకు పొడుచుకొచ్చిన సన్నని భాగంలో నార పొట్టిగా ఉండి, చిన్న దెబ్బకే ఊడుతుంది. స్తంభాల నిటారు గీతలు మాత్రం నార వెంటే పోతాయి కాబట్టి అంచుకు తీసుకోవచ్చు. హంసల్ని తల ముఖం మీద పొదగండి, ఒకటిన్నర మి.మీ. లోతు చాలు. అంచు గీశాక నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్కలో ఒక నమూనా కోసి, కీలు పెట్టి తిప్పి చూడండి. చెవులు ఒకదానికొకటి తగిలినా, వేలు దూరకపోయినా అక్కడే తెలుస్తుంది. పొణికి మెత్తన, స్క్రూను పట్టదు. నమూనాకే అది.

అసలు చెక్కలో రంధ్రాలు అంచు కోయకముందే వేయాలి. దిమ్మ అంచులు తిన్నగా ఉన్నప్పుడే డ్రిల్ బల్ల మీద కదలకుండా కూర్చుంటుంది. తల మందం 14 నుంచి 16 మి.మీ. ఉండాలి. ఎక్కువైతే కీని ముందువైపు నుంచి బిగించే బుష్ మర అందదు, తక్కువైతే బలం చాలదు. డ్రిల్ చేసే ముందు బ్రిడ్జి నుంచి నట్ గాడి మీదుగా ఒక దారం లాగి, గుర్తు పెట్టిన పోస్టు అంచుకు అది తాకుతోందో లేదో నాలుగు తీగలకూ చూడండి. రంధ్రం కింద పనికిరాని చెక్క ముక్క పెడితే వెనకవైపు పెచ్చులు లేవవు. స్క్రూలకు ముందే సన్న రంధ్రం వేసి, మరకు కొంచెం సబ్బు రాయండి, లేకపోతే టేకులో స్క్రూ తల తెగిపోతుంది. రంపం అంచు మీదికి రావాల్సింది ఆ తర్వాతే.