అహింస అంటే ఓర్చుకోవడం కాదు: పిల్లలకు నేర్పేటప్పుడు ఎదురయ్యే అపోహలు - వాస్తవాలు

18 ఏళ్ళుగా చెన్నైలో పిల్లలకు అహింస, సామాజిక న్యాయం కలిపి నేర్పుతున్నాను. వారంలో మూడు రోజులు బడుల్లో, ఆదివారం పొద్దున పెరంబూరులో ఒక మేడమీద గదిలో. ఆదివారం వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు పిల్లలే. కొందరు అపార్ట్‌మెంట్ల నుంచి వస్తారు. కొందరు తాతముత్తాతల నాడు ఆంధ్రా నుంచి వచ్చి, ఈ నగరాన్ని ఊడ్చే పనిలో కుదురుకున్న కుటుంబాల పిల్లలు. వీళ్ళ తెలుగులోనూ వాళ్ళ తెలుగులోనూ అరవం కలిసే ఉంటుంది. ఒకే చాప మీద కూర్చుంటారు. కానీ మొదటి నెలంతా చాపకు ఆ చివర కొందరు, ఈ చివర కొందరు. ఆ మధ్య ఖాళీయే నా సిలబస్ అనుకుంటాను.

ఈ పని గురించి తల్లిదండ్రులు, టీచర్లు, కొత్తగా వచ్చే వాలంటీర్లు నాతో తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అహింస అంటే కొడితే పడటం, తిడితే ఊరుకోవడం.

అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసేది ఇదే. "మంచిది మేడమ్, మావాడికి కోపం జాస్తి, కాస్త ఓర్పు నేర్పండి" అని పిల్లల్ని తెచ్చి వదులుతారు. బడిలోనూ అంతే. ఇద్దరు కొట్టుకుంటే, దెబ్బ తిన్నవాడికే ముందు శాంతి పాఠం చెబుతారు. ఏళ్ళ తరబడి ఓర్చుకున్నవాళ్ళ పిల్లలకు మళ్ళీ ఓర్పే నేర్పితే, అది అహింస పేరుతో జరిగే అన్యాయం.

వాస్తవం ఏమిటంటే, అహింస మొదలయ్యేదే "చెయ్యను" అన్న మాటతో. పిల్లలకు నేను మూడు పనులుగా చెబుతాను. తప్పనిపించిన దానికి చేయి కలపనని చెప్పాలి. ఎందుకో నలుగురికీ తెలిసేలా చెప్పాలి. దానివల్ల వచ్చే కష్టం ఎదుటివాడి నెత్తిన పెట్టకుండా మనం మొయ్యడానికి సిద్ధపడాలి. ఈ మూడూ కలిస్తేనే సత్యాగ్రహం.

దీనికి చీరాల - పేరాలను మించిన పాఠం నాకు దొరకలేదు. 1919లో ఆ రెండు ఊళ్ళనూ కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందు నడవగా, జనం ఇళ్ళకు తాళాలు వేసి ఊరి బయటికి వెళ్ళిపోయారు. పాకలు వేసుకుని, ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకుని, దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. మనుషులే లేని ఊళ్ళో మునిసిపాలిటీ ఎవరి దగ్గర పన్ను వసూలు చేస్తుంది?

ఇంతవరకు చెప్పి నేను ఆగిపోతాను. పిల్లలకు ఒక చార్టు ఇచ్చి, "మీరే ఊరు వదిలి వెళ్ళారు, ఇప్పుడు లెక్క వెయ్యండి" అంటాను. నీళ్ళు ఎక్కడి నుంచి? వానొస్తే? నెలలు నిండిన గర్భిణి ఉంటే? మగ్గం మీద బతికేవాళ్ళ సంపాదన ఏమవుతుంది? ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లవాడు చాలాసేపు తల గోక్కుని, "అక్కా, దీనికన్నా కొట్టుకోవడమే సులువు కదా" అన్నాడు. సులువే. ఆ మాట వాడి నోట వచ్చిన రోజు పాఠం సగం అయిపోయినట్టే. గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టాక జనం క్రమంగా వెనక్కి వచ్చేశారన్న సంగతి కూడా దాచను. గెలిచిన కథలే చెబితే, పిల్లలు మొదటిసారి ఓడిపోగానే అంతా అబద్ధం అనుకుంటారు.

అపోహ: శాంతం పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు.

కబడ్డీ కూత పుట్టుకతో వస్తుందా? ఇదీ అంతే. ఒంటికి అలవాటు కావాలి.

అమెరికాలో జేమ్స్ లాసన్ అనే ఆయన 1953 నుంచి మూడేళ్ళు మన నాగపూర్‌లో మిషనరీగా ఉండి, గాంధీ పద్ధతులను దగ్గరగా చదివారు. తిరిగి వెళ్ళి నాష్‌విల్ నగరంలో నల్లజాతి విద్యార్థులకు శిక్షణ మొదలుపెట్టారు. తెల్లవాళ్ళకు మాత్రమే వడ్డించే హోటల్ బల్లల దగ్గర కూర్చుంటే ఏం జరుగుతుందో చర్చి గదిలో ముందే ఆడి చూసేవారు. కొందరు కూర్చునేవారు, కొందరు తిట్టేవారు, కుర్చీ లాగేసేవారు, మొహం మీద పొగ వదిలేవారు. ఎవరికి ఎక్కడ నిగ్రహం తప్పుతుందో గమనించి, మళ్ళీ చేసేవారు. 1960 ఫిబ్రవరి 13న నిజంగా వెళ్ళి కూర్చున్నారు. మే 10 నాటికి ఆ బల్లలు అందరికీ తెరుచుకున్నాయి. ఆ విద్యార్థుల ధైర్యాన్ని అందరూ పొగుడుతారు. దాని వెనక నెలల తరబడి సాగిన ఈ రిహార్సలే నాకు ముఖ్యం.

నేనూ దీన్ని బెంచీ ఆటగా చేయిస్తాను. ఒకరు బెంచీ మీద కూర్చోవాలి, ఇద్దరు లేవగొట్టాలని చూడాలి. మిగిలినవాళ్ళంతా కూర్చున్నవాళ్ళ చేతులు చూస్తుండాలి. మొహం దాస్తుంది కానీ చేతులు దాచవు. ముందు బొటనవేలు లోపలికి పోతుంది, తర్వాత మిగతా వేళ్ళు మూసుకుంటాయి, అప్పుడు భుజం బిగుసుకుంటుంది. పిడికిలి పడకముందే, ఆ బొటనవేలి దగ్గరే ఊపిరి వదలడం నేర్పుతాను. పది వారాలు చేస్తే పిల్లలు తమ చేతిని తామే కనిపెట్టగలుగుతారు.

ఈ ఆటలోనే నేను పెద్ద తప్పు చేశాను. కొన్నేళ్ళ కిందటి దాకా, ఎవరు ముందు చెయ్యెత్తితే వాళ్ళను కూర్చోబెట్టేదాన్ని. ఒక ఆదివారం ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి కూర్చుంది. వాళ్ళమ్మ కార్పొరేషన్‌లో వీధులు ఊడుస్తుంది. ఎదురుగా ఉన్న పిల్లలు ఆటలో భాగంగానే ముక్కు మూసుకున్నారు, "దూరంగా కూర్చో" అన్నారు. ఆ పిల్ల కదల్లేదు. చేతులు కూడా మామూలుగానే ఉన్నాయి, విప్పుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను మురిసిపోయి, "చూశారా, ఎంత బాగా చేసిందో" అని చప్పట్లు కొట్టించాను. అందరూ వెళ్ళాక చాప చుడుతూ ఆ పిల్ల అంది: "అక్కా, నేనేం చెయ్యలేదు. బళ్ళో రోజూ ఇట్టానే కూర్చుంటా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్ల బతుకును నేను ఆట చేశాను, ఆపైన దానికి చప్పట్లు కొట్టించాను. అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. నిజంగా అవమానం పడే పిల్లలను ఆ బెంచీ మీద ఎప్పుడూ కూర్చోబెట్టను. వాళ్ళు ఆట నడిపేవాళ్ళుగా, చేతులు గమనించేవాళ్ళుగా ఉంటారు. కులానికి సంబంధించిన మాట, సైగ ఏదీ రిహార్సల్‌లో వాడనివ్వను. కొత్త వాలంటీర్లు వస్తే ముందు ఈ సంగతి చెప్పాకే మిగతాది చెబుతాను.

అపోహ: చిన్నపిల్లలకు కులం గురించి చెప్పకూడదు. లేని విషం ఎక్కించినట్టు అవుతుంది.

ఈ మాట అనేవాళ్ళంతా మంచి మనసుతోనే అంటారు, అది నాకు తెలుసు. కానీ ఆరేళ్ళ పిల్లకు కూడా ఇంట్లో ఏ గ్లాసు ఎవరిదో తెలుసు.

నేను ఇచ్చే ఇంటిపని ఒకటుంది: మీ ఇంట్లో పనిచేసే అక్క ఏ గ్లాసులో టీ తాగుతుంది, ఆ గ్లాసు ఎక్కడ ఉంటుంది, చూసి బొమ్మ గీసుకురండి. ఎవరినీ ఏమీ అనొద్దు, అడగొద్దు, చూడటమే. బొమ్మలు వస్తాయి. సింకు కింద బోర్లించిన గ్లాసు. కిటికీ చువ్వల మధ్య గుచ్చిన ప్లాస్టిక్ కప్పు. బాల్కనీలో తులసి కుండీ వెనక అంచు సొట్టపోయిన స్టీలు గ్లాసు. ఈ చివరిది గీసిన పాప కింద బాణం గుర్తు వేసి "వాన పడితే ఇందులో నీళ్ళు నిండుతాయి" అని రాసింది. నేను ఒక్క మాట కూడా కలపలేదు.

ఆ వారం ఒకావిడ ఫోన్ చేశారు. "ఏమండీ, పిల్లని మా మీదికే ఎగదోస్తున్నారా?" అన్నారు. లేదండీ, చూడమన్నాను అంతే, అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అత్తగారు ఉన్నప్పటి నుంచి ఉన్న అలవాటు" అన్నారు. ఆమె గ్లాసు మార్చారో లేదో నేను అడగలేదు, అది నాకు చెప్పాల్సిన లెక్క కాదు.

ఈ పాఠం తర్వాతే మహారాష్ట్రలోని మహాడ్ ఊరి కథ చెబుతాను, ముందు చెబితే అది ఎక్కడో జరిగిన కథ అవుతుంది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగారు. చెరువు అందరిదీ అని అక్కడి మునిసిపాలిటీ అంతకు మూడేళ్ళ ముందే తీర్మానం చేసింది, అమలు మాత్రం కాలేదు. నీళ్ళు తాగి తిరిగొస్తున్నవాళ్ళ మీద దాడి జరిగింది. కాగితం మీద ఉన్న హక్కును మనిషి వెళ్ళి ముట్టుకుంటే తప్ప అది హక్కు కాదని పిల్లలకు ఇక్కడ అర్థమవుతుంది. రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు అనే మాటలు ఎందుకు ఉన్నాయో కూడా.

అపోహ: అక్టోబర్ 2న గాంధీ మీద వక్తృత్వ పోటీ పెడితే చాలు.

చాలదు. మహానుభావుల పటాలకు దండలు వేసే కొద్దీ వాళ్ళు పిల్లలకు దూరమవుతారు.

చెన్నైలో తెలుగు పిల్లలకు చెప్పాలంటే పొట్టి శ్రీరాములు చాలు. మైలాపూర్‌లో రాయపేట హైరోడ్డు మీద ఆయన స్మారక భవనం ఉంది, ఏడాదికోసారి తీసుకెళ్తాను. 1952 అక్టోబర్ 19న మొదలుపెట్టి, 58 రోజులు నిరాహారంగా ఉండి, డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. ఇది అందరికీ తెలుసు. అంతకు ఆరేళ్ళ ముందు, 1946లో, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయనే నిరాహార దీక్ష చేశారు. ఇది చాలామంది పెద్దలకే తెలియదు. దళితుల మేలు కోరే నినాదాలు రాసిన అట్టలు మెడలో తగిలించుకుని, చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా ఎండలో తిరిగిన మనిషి ఆయన. రాష్ట్రం కోసం చేసిన దీక్షను గుర్తుంచుకుని, గుడి తలుపు కోసం చేసిన దీక్షను మరిచిపోయాం. ఎందుకు మరిచిపోయామో పిల్లల్నే అడుగుతాను.

చెప్పడానికి కష్టమైనది ఇంకొకటి ఉంది. ఆయన చనిపోయాక ఆంధ్రాలో అల్లర్లు చెలరేగాయి, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. ఆ సెగతోనే డిసెంబర్ 19న నెహ్రూ ప్రత్యేక రాష్ట్రం ప్రకటించారు. "అయితే రాష్ట్రం తెచ్చింది దీక్షా, గొడవలా?" అని పిల్లలు అడుగుతారు. అడగాలి. దీనికి నా దగ్గర చక్కటి జవాబు లేదు, ఉన్నట్టు నటించను. దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండాలా వద్దా అని గాంధీకి, అంబేడ్కర్‌కు 1932లో పూనా ఒప్పందం దగ్గర వచ్చిన తేడా కూడా ఇలాగే చెబుతాను. ఇద్దరి వాదనా పిల్లలే రెండు జట్లుగా వినిపించాలి, తర్వాత జట్లు మారి మళ్ళీ వినిపించాలి.

ఊడ్చే పని చేసే కుటుంబాల నుంచి వచ్చే వ్యాసర్‌పాడి పిల్లలకు బెజవాడ విల్సన్ గురించి చెప్పినప్పుడు వచ్చే వెలుగు వేరు. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన మనిషి, మనుషుల చేత మలం ఎత్తించే పని పోవాలని పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిలబెట్టారు, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. ఆ ఉద్యమం వేసిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో దిగి చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని చెప్పింది. "మన తెలుగేనా అక్కా?" అని రెండుసార్లు అడిగి మరీ రాసుకుంటారు.

అపోహ: హింసతోనే పని త్వరగా అవుతుంది.

ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ అనే పరిశోధకులు 1900 నుంచి 2006 దాకా ప్రపంచమంతటా జరిగిన 323 ఉద్యమాలను లెక్క తీశారు. అహింసా ఉద్యమాల్లో 53 శాతం గెలిచాయి, సాయుధ ఉద్యమాల్లో 26 శాతం. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు కూడా చేరగలగడం దీనికి పెద్ద కారణం.

అపోహ: బెత్తం లేకపోతే క్రమశిక్షణ రాదు.

విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. బెత్తం బల్ల మీద పెట్టుకుని అహింస పాఠం చెప్పే తరగతికి నేను వెళ్ళను. బెత్తం బయట పెట్టించాకే లోపలికి అడుగు పెడతాను.

అపోహ: ఇదంతా మాటలకే, పిల్లలు నిజంగా ఏం చెయ్యగలరు?

ఒక బడిలో మరుగుదొడ్లు కడిగే వంతు ఎప్పుడూ ఒకే కాలనీ పిల్లలకు పడుతోంది. పేరు ఏదీ చెప్పకుండా "మీరు ఆరుగురూ రండి" అంటారు, అంతే. ఆ ఆరుగురిలో ఇద్దరు మా ఆదివారం పిల్లలు. ముందు నెల రోజులు నోటుబుక్‌లో తేదీ, ఎవరిని పిలిచారు, ఎవరు పిలిచారు అని రాసుకున్నారు. తర్వాత కడగని పిల్లలతో మాట్లాడారు. ఆ రెండో పని దగ్గరే ఎక్కువ వారాలు పట్టింది. చివరికి తరగతిలో 31 మంది సంతకం పెట్టిన కాగితం హెచ్చెమ్ గారికి ఇచ్చారు. అందులో రెండే వాక్యాలు: పిల్లలెవరూ మరుగుదొడ్లు కడగరు. తరగతి ఊడ్చే వంతు హాజరు పట్టీ వరసలో వెయ్యండి.

ఊడ్చే వంతు పట్టీ గోడకు అతికించారు. మరుగుదొడ్ల సంగతి మనిషిని పెట్టే దాకా ఆగమన్నారు. రెండు వారాలు ఆగారు. మూడో సోమవారం మళ్ళీ ఆ ఆరుగురినే పిలిచారు.

అందుకే మొన్న ఆదివారం చాప మధ్యలో అందరూ గుంపుగా కూర్చుని రిహార్సల్ చేశారు. పిలిచినప్పుడు ఎవరు లేవాలి, "మేం కడగం సార్" అని ఎవరు ముందు చెప్పాలి, ఆ మాట విని మిగిలిన 25 మందీ ఏం చెయ్యాలి. నడిపించింది చాప చుడుతూ నాకు ఆ మాట చెప్పిన అమ్మాయే. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ముందు వరసలో ఉన్న పిల్లవాడి దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, "నీ బొటనవేలు చూడు. మళ్ళీ చెప్పు" అంటోంది.