కుక్క దురదకి మెడికల్ షాపు ట్యూబు: అపోహలు, వాస్తవాలు

వానలు మొదలైతే నా వాట్సాప్‌కి వచ్చే ఫొటోలు ఎక్కువగా కుక్కల పొట్టలూ చంకలే. ఎర్రగా ఉంది, ఒకటే గోక్కుంటోంది, గ్రూమింగ్‌కి తీసుకురావచ్చా అని అడుగుతారు. ఇప్పటిదాకా ఏం రాశారు అని నేనడిగితే ఇంకో ఫొటో వస్తుంది. అది మనుషుల తామరకి వాడే ట్యూబు. "మెడికల్ షాపులో అడిగితే ఇచ్చారండీ, రాసిన రెండ్రోజులకే తగ్గింది కూడా" అంటారు.

అపోహ: దురద తగ్గిందంటే మందు పనిచేస్తున్నట్టే.

వాస్తవం: అలాంటి ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ ఉంటుంది, దాంతోపాటు ఓ యాంటీబయోటిక్, ఓ ఫంగస్ మందు. స్టెరాయిడ్ ఎర్రదనాన్నీ దురదనీ అణిచేస్తుంది, అందుకే రెండ్రోజుల్లో తగ్గినట్టు కనిపిస్తుంది. అసలు కారణం మాత్రం అలాగే ఉంటుంది. కుక్క వెంట్రుకల కుదుళ్లలో డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగులు మామూలుగానే కొన్ని ఉంటాయి, ఒంట్లో రోగనిరోధక శక్తి వాటిని అదుపులో పెడుతుంది. మీరు స్టెరాయిడ్ రాసి ఆ శక్తినే తగ్గిస్తే వాటికి అడ్డేముంది? ఫంగస్ అయితే పైకి మచ్చ సరిగ్గా తెలియకుండా పాకుతుంది, ఇంట్లో పిల్లలకీ అంటుకుంటుంది. పైగా రాసినదంతా కుక్క నాకేస్తుంది.

మొన్నామధ్య ఓ పెద్దాయన పొమేరియన్‌ని తెచ్చారు. "దువ్వెన చూస్తే చాలు కరవడానికొస్తోందమ్మా, మూతి కట్టేసి గుండు కొట్టెయ్యండి" అన్నారు. అంతకుముందు నా బల్ల మీద నిద్రపోయే కుక్క అది. నడుం దగ్గర జడలు కట్టిన బొచ్చు మెల్లగా పైకెత్తి చూస్తే కింద చర్మమంతా పక్కులు, చీము, ఒకటే వాసన. అలాంటి చోట దువ్వెన తగిలితే కరవక ఏం చేస్తుంది! ట్రిమ్మర్ పెట్టలేదు, గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లమన్నాను. అక్కడ చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూస్తే డెమోడెక్స్. ఆయన రాస్తున్న ట్యూబు ఆపి, డాక్టర్ ఇచ్చిన మాత్రలు వాడితే బొచ్చు తిరిగి రావడానికి నెలలు పట్టింది. ఆయన మాత్రం వచ్చినప్పుడల్లా "నా చేత్తోనే రాశానమ్మా" అని బాధపడేవారు. ఆయన తప్పేముంది, కుక్క రాత్రంతా గోక్కుంటుంటే ఎవరైనా ఏదో ఒకటి రాసేస్తారు. కుక్కని చూడకుండా ట్యూబు చేతిలో పెట్టేవాళ్ల మీదే నాకు కోపం.

కాబట్టి దురద, పుండు, బొచ్చు ఊడటం కనిపిస్తే ముందు స్కిన్ స్క్రేపింగ్, అంటే ఆ చర్మం గీకి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష, చేయించండి. ఎక్కువసేపు పట్టదు. వెళ్లేముందు స్నానం చేయించకండి, ఏమీ రాయకండి, ఇప్పటికే రాసి ఉంటే ఆ ట్యూబు కూడా తీసుకెళ్లి చూపించండి. చెవుల అంచులూ మోచేతులూ విపరీతంగా గోక్కుంటూ, ఇంట్లో మీకు కూడా దురద మొదలైతే అది సార్కోప్టిక్ గజ్జి కావచ్చు, ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గోమార్లకి కిరోసిన్ రాస్తే చర్మం కాలుతుంది, నాకితే ఊపిరితిత్తుల మీదికొస్తుంది. స్నానం నీళ్లలో డెట్టాల్, ఫినాయిల్ వద్దే వద్దు. పశువులకి వేసే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇంజెక్షన్ ఎవరో చెప్పారని పొడిపించకండి, కోలీ లాంటి జాతుల్లో ప్రాణం మీదికి రావచ్చు. మన షాంపూ కుక్క చర్మానికి సరిపోదు. డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములు చంపే మందు ఉన్న షాంపూ రాసిస్తే నురగ పది నిమిషాలు ఉంచి కడగాలి, చాలామంది అర నిమిషంలో కడిగేసి పనిచేయలేదంటారు. జడలు విప్పకుండా స్నానం చేయిస్తే అవి ఇంకా బిగుసుకుంటాయి, లోపల తడి ఆరక పుండ్లు పడతాయి. ఆ జడల్ని ఇంట్లో కత్తెరతో కోయకండి, వాటితోపాటు చర్మమూ తెగుతుంది, నా దగ్గరికి కుట్లతో వచ్చినవి ఉన్నాయి.

ఇక ఎండాకాలం గుండు. పొమేరియన్, హస్కీ, జర్మన్ షెపర్డ్‌లకి రెండు పొరల బొచ్చు, అది ఎండ చర్మానికి తగలకుండా అడ్డుకుంటుంది. గొరిగేస్తే మళ్లీ సరిగ్గా మొలుస్తుందన్న గ్యారంటీ లేదు. అడుగున రాలిన బొచ్చు దువ్వించి, ఫ్యాన్ కింద పడుకోబెట్టండి చాలు. చర్మం పాడై డాక్టర్ గొరగమంటే అప్పుడు నేనే చేస్తాను, చీటీ తీసుకురండి.