మాన్యువల్ ఎవరూ చదవరన్న ఫిర్యాదు ఎక్కడిది?

"అంతా మాన్యువల్‌లోనే ఉంది. చదవకపోతే మేమేం చేస్తాం?" సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనూ, ఫ్రిజ్‌లు బాగుచేసే సర్వీస్ సెంటర్లలోనూ ఈ మాట తరచూ వినిపిస్తుంది. హైదరాబాద్‌లో మాన్యువల్స్ రాసే టెక్నికల్ రైటర్లుగా పనిచేసేవారికైతే మరీ పరిచయం. తప్పు చదవనివారిదా, రాసినవారిదా అన్న తగవు మాత్రం కంప్యూటర్ల కంటే పాతది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి ఇదే చిక్కు వచ్చింది. వాహనాల నిర్వహణ పుస్తకాలు ఇంజనీర్ల భాషలో ఉండేవి. వాటిని పట్టుకుని పనిచేయాల్సిన కుర్రాళ్లకు అవి కొరుకుడుపడేవి కావు. 1942లో సైన్యంలో చేరిన కామిక్స్ చిత్రకారుడు విల్ ఐస్నర్ అక్కడ జో డోప్ అనే మొద్దు సైనికుణ్ణి సృష్టించాడు. ఏం చేస్తే బండి పాడవుతుందో ఆ పాత్ర చేసి చూపిస్తుంది, పాఠకుడు నవ్వుకుంటూ నేర్చుకుంటాడు. 1951లో ఇదే పద్ధతిలో సైన్యం 'పీఎస్' పత్రిక ప్రారంభించింది. ఐస్నర్ 1971 దాకా దానికి బొమ్మలు సమకూర్చాడు.

ఆయన పనిలో ఎక్కువగా చెప్పుకొనేది అమెరికా సైన్యం వాడిన ఎం-16 తుపాకి పుస్తకం. వియత్నాంలో ఆ తుపాకులు కాల్పుల మధ్యలో మొరాయించి సైనికుల ప్రాణాల మీదికి తెచ్చాయి. 1967లో రిచర్డ్ ఇచోర్డ్ నాయకత్వంలోని అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) ఉపసంఘం విచారణ జరిపితే కారణాలు బయటపడ్డాయి. మందుగుండు రకం మార్చారు, కానీ ఆ మార్పును తగినంతగా పరీక్షించలేదు. శుభ్రం చేసే సామగ్రి అందరికీ అందలేదు. శిక్షణా చాలలేదు. మరుసటి ఏడాది బొమ్మలతో 32 పేజీల పుస్తకం వచ్చింది. తుపాకిని ప్రియురాలిగా చూపించిన ఆ ధోరణి ఈనాడు ఎబ్బెట్టుగా ఉంటుంది, అయినా ఏ భాగాన్ని ఎలా విప్పాలో, ఎక్కడ తుడవాలో అందులో తేటతెల్లంగా ఉంది. కానీ తుపాకిని దారికి తెచ్చిన ఘనతను ఈ పుస్తకానికే కట్టబెట్టడం సరికాదు. తుపాకిలో తూటా కూర్చునే గదికి క్రోమియం పూత పూశారు, లోపలి యంత్ర భాగాల్లోనూ మార్పులు చేశారు. తయారీలోని లోపాన్ని ఎంత మంచి రచనైనా కప్పిపుచ్చలేదు.

అసలు మలుపు 1980ల తొలినాళ్లలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం వాట్సన్ పరిశోధన కేంద్రంలో వచ్చింది. జాన్ కారల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆఫీసు ఉద్యోగులను వర్డ్ ప్రాసెసర్ (ఉత్తరాలు టైపు చేసుకునే కంప్యూటర్) ముందు కూర్చోబెట్టి, మాన్యువల్ చేతికిచ్చి, మనసులో మాట పైకి చెబుతూ నేర్చుకోమన్నారు. పరిచయ అధ్యాయాలను వాళ్లు దాటేశారు. వరుసగా చదవకుండా ముందుకు గెంతారు. టైప్‌రైటర్ మీద అలవాటైన తీరులోనే యంత్రం నడుస్తుందని అనుకున్నారు. ఒక్క మీట పొరపాటున నొక్కితే తెరపై ఉన్నదానికీ పుస్తకంలో ఉన్నదానికీ పొంతన పోయేది. వెనక్కి వచ్చే దారి పుస్తకంలో దొరికేది కాదు. వాళ్లేమీ బద్ధకస్తులు కారు. ఉత్తరం టైపు చేయాలన్న తొందరే వాళ్లను పేజీలు దాటించింది.

కారల్ బృందం ఆ తొందరకే తగినట్టు పుస్తకాన్ని తిరగరాసింది. నిజమైన పనితో మొదలుపెట్టింది, ఉపోద్ఘాతాలు తీసేసింది, తప్పు జరిగితే ఎలా గుర్తించాలో, ఎలా బయటపడాలో రాసింది. కొన్ని వివరాలను కావాలనే వదిలి, చేసి చూసుకోమంది. 94 పేజీల పుస్తకం 45 పేజీలైంది. నేర్చుకోవడానికి పట్టే సమయం సుమారు 40 శాతం తగ్గింది.

ఈ విధానానికి 'మినిమలిజం' అని పేరు. తర్వాతి కాలంలో దానికి జరిగిన అన్యాయం ఏమిటంటే, 'తక్కువ రాయడం' అన్న ఒక్క ముక్కే పరిశ్రమ పట్టుకుంది. క్లుప్తతే మినిమలిజం కాదని కారల్, నెదర్లాండ్స్ పరిశోధకుడు హాన్స్ వాన్ డెర్ మెయ్ 1990లలో వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. పేజీలు కత్తిరించడం చవక. నేర్చుకునేవారి పక్కన కూర్చుని, వాళ్ల చేతులు ఎక్కడ ఆగుతున్నాయో చూడటానికి జీతాలు, రోజులు ఖర్చవుతాయి. అందుకే మొదటిది నిలిచి, రెండోది బడ్జెట్లలోంచి జారిపోయిందని నా అభిప్రాయం.

వాడేవారిని చూడకుండా రాసే తీరుకు మన ఊళ్లలో ఉదాహరణ పురుగుమందు డబ్బాలో మడిచిపెట్టిన కరపత్రం. డబ్బా మీది త్రికోణం రంగులు బాగానే ఆలోచించి పెట్టినవి: ఎరుపు అతి విషపూరితం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. లోపలి కాగితంలో మోతాదు మాత్రం హెక్టారుకు ఇంత అని, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. తెలుగు రైతు లెక్క ఎకరాల్లో, మందు కొట్టే స్ప్రేయర్ ట్యాంకుల్లో. హెక్టారుకు 500 లీటర్ల నీటిలో 500 మిల్లీలీటర్లని రాసి ఉంటే, అది ఎకరానికి సుమారు 200 మిల్లీలీటర్లని, 16 లీటర్ల ట్యాంకుకు 16 మిల్లీలీటర్లని, అలాంటివి పన్నెండు పదమూడు ట్యాంకులు కొట్టాలని రైతే గట్టు మీద నిలబడి తేల్చుకోవాలి. చాలాచోట్ల ఆ లెక్క చేసిపెడుతున్నది మందు అమ్మే దుకాణదారు. ఎక్కువ డబ్బాలు అమ్ముడుపోతే లాభపడేదీ అతడే.