రెండో మానిటర్: ఏదైనా కొనే ముందు సీపీయూ వెనక్కి చూడండి

ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం నా పని. ఇంటి నుంచే ఉద్యోగాలు చేయడం మొదలైనప్పటి నుంచి రెండో మానిటర్ పెట్టమని అడిగేవాళ్లు పెరిగారు. నన్ను పిలిచేసరికే చాలామంది అక్కర్లేనిది ఏదో ఒకటి కొనేసి ఉంటారు. అలా డబ్బు పోతుంటే నాకు బాధేస్తుంది.

అపోహ: హెచ్‌డీఎంఐ పోర్టు ఒక్కటే ఉంటే స్ప్లిటర్ కొంటే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. స్ప్లిటర్ ఒకే బొమ్మను రెండు తెరలకు పంచుతుంది. హోటల్లో రెండు టీవీల మీద ఒకే మ్యాచ్ చూపించడానికైతే అది బాగుంటుంది. మొన్న కూకట్‌పల్లిలో ఒక అమ్మాయి, "అన్నా, రెండింట్లోనూ ఒకటే కనిపిస్తోంది. ఎక్స్‌టెండ్ నొక్కినా ఏం మారట్లేదు" అంది. ఎక్స్‌టెండ్ అంటే రెండు తెరల్లో వేర్వేరు పనులు కనిపించేలా చేసే సెట్టింగ్. సీపీయూ ముందుకు లాగి దుమ్ము తుడిస్తే, హెచ్‌డీఎంఐ పక్కనే డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో వీడియో పోర్టు ఖాళీగా కనిపించింది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కాకపోతే డిస్‌ప్లేపోర్ట్‌కు ఒక మూల మాత్రమే కోసినట్టు ఉంటుంది. దానికి డిస్‌ప్లేపోర్ట్ టు హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి, విండోస్ కీ, పి కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకున్నాం. అయిపోయింది. ఈ కేబుల్ సాధారణంగా ఒకవైపే పనిచేస్తుంది: డిస్‌ప్లేపోర్ట్ కొస కంప్యూటర్‌కి, హెచ్‌డీఎంఐ కొస మానిటర్‌కి.

అపోహ: రెండు మానిటర్లంటే గ్రాఫిక్స్ కార్డు (తెరకు బొమ్మ పంపే విడి కార్డు) కొనాల్సిందే.

వాస్తవం: ఆఫీసు పనికీ చదువుకీ అక్కర్లేదు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండి, వెనక రెండు పోర్టులు ఉంటే చాలు. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ లాగా పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో ఆ గ్రాఫిక్స్ ఉండదు, ఏఎండీ రైజెన్ 5 5600లోనూ ఉండదు. వాటికి మాత్రం కార్డు తప్పదు.

కార్డు ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు. ఒక కేబుల్ కార్డుకి, రెండోది పైనున్న మదర్‌బోర్డు పోర్టుకి పెడతారు. "నో సిగ్నల్" అని రాగానే కొత్త మానిటర్ పాడైందని టెన్షన్ పడతారు. కార్డు పెట్టాక చాలా బోర్డుల్లో ఆ పోర్టులు వాటంతటవే ఆగిపోతాయి. రెండు కేబుళ్లూ కార్డుకే పెట్టండి.

అపోహ: రెండూ ఒకే సైజు, ఒకే కంపెనీ అయితేనే కుదురుతుంది.

వాస్తవం: అటక మీది పాత వీజీఏ మానిటర్ కూడా పనికొస్తుంది. హెచ్‌డీఎంఐ టు వీజీఏ అడాప్టర్ చాలు. అక్షరాలు ఒకదాంట్లో చిన్నగా, ఇంకోదాంట్లో పెద్దగా ఉంటే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఏ తెరకు ఆ స్కేల్ పెట్టుకోండి.

అపోహ: కరెంటు బిల్లు బాగా పెరుగుతుంది.

వాస్తవం: 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ సుమారు 25 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 8 గంటలు వాడినా నెలకు 6 యూనిట్లే.

అపోహ: ఏ ల్యాప్‌టాప్‌కైనా రెండు పెట్టొచ్చు.

వాస్తవం: ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ మామూలుగా బయటి మానిటర్ ఒక్కటే తీసుకుంటుంది. యూఎస్‌బీ-సి పోర్టులన్నీ వీడియో ఇవ్వవు కూడా. కొనే ముందు మీ మోడల్ వివరాలు చూసుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నా మౌస్ రెండో తెరలోకి వెళ్లట్లేదని ఫోన్లు వస్తుంటాయి. మానిటర్ ఎడమవైపు పెట్టి ఉంటారు, విండోస్ అది కుడివైపు ఉందనుకుంటుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఐడెంటిఫై నొక్కితే తెరల మీద 1, 2 అంకెలు వస్తాయి. మీ బల్ల మీద ఎలా ఉన్నాయో చూసి, సెట్టింగ్స్‌లో అవే అంకెలున్న డబ్బాలను అలాగే జరిపి అప్లై కొట్టండి. ఎక్కువసేపు చూసే తెరను మాత్రం ముఖానికి ఎదురుగానే పెట్టుకోండి. రోజంతా పక్కకు తిరిగి చూస్తే మెడ పట్టేస్తుంది.